ఇల్లు కొనేముందు సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ చూసుకోవాలా?

ప్రశ్న: నమస్తే మేడం. మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొంటున్నాం. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. కాంట్రాక్టు మీద సంతకాలు అయిపోయాయి. ఆప్షన్ పీరియడ్ ఇంకా ఐదు రోజులుంది. మొన్న ఒక ఫ్రెండ్ "చుట్టుపక్కల సెక్స్ అఫెండర్లు ఎవరైనా ఉన్నారేమో చూసుకున్నారా?" అని అడిగింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. గూగుల్‌లో వెతికితే ఏదో సైట్ వచ్చింది. అడ్రస్ కొట్టగానే మ్యాప్ నిండా ఎర్ర చుక్కలు చూపించి, వివరాలకు డబ్బు కట్టమంది. భయమేసి మూసేశాను. మా ఏజెంట్ ఈ సంగతి ఎత్తనే లేదు. మావారేమో "అలా చూసుకుంటూ పోతే అమెరికాలో ఎక్కడా ఉండలేం" అంటున్నారు. వచ్చే నెల అత్తయ్యగారు వస్తున్నారు, పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లేది ఆవిడే. అసలు ఎలా చూడాలి? ఎవరైనా ఉన్నారని తెలిస్తే ఇల్లు వదులుకోవాలా? సెలవుల్లో పిల్లలు విజయవాడ వెళ్తారు, అక్కడ కూడా ఇలా చూసుకోవచ్చా?
పేరు వద్దన్న ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం: అమ్మా, ముందు ఆ ఐదు రోజుల సంగతి. ఈ పని రేపటికి పెట్టుకోకుండా ఇవాళే చేయండి. ఆప్షన్ పీరియడ్ లోపల మీరు ఏ కారణమూ చెప్పకుండా కాంట్రాక్టు నుంచి తప్పుకోవచ్చు. ఆ గడువు కోసం కట్టిన ఆప్షన్ ఫీజు పోతుంది కానీ, కొంటామని హామీగా కట్టిన ఎర్నెస్ట్ మనీ వెనక్కి వస్తుంది. గడువు దాటాక "పక్క వీధిలో ఫలానా మనిషి ఉన్నాడని ఇప్పుడే తెలిసింది" అంటే ఎవరూ వినరు. ఏజెంట్ మీద కోపం కూడా వద్దు. టెక్సస్ చట్టం ప్రకారం ఇల్లు అమ్మేవాళ్లకు, బిల్డర్‌కు, బ్రోకర్‌కు ఈ సమాచారం కొనేవాళ్లకు చెప్పాల్సిన బాధ్యత లేదు. చూసుకోవాల్సింది మనమే. ఇది చదువుతున్న మిగతావాళ్లు కూడా ఒక మాట గమనించండి. బిల్డర్ దగ్గర నేరుగా కొత్త ఇల్లు కొనేటప్పుడు చాలాసార్లు ఆప్షన్ పీరియడే ఉండదు. అలాంటివాళ్లు సంతకానికి ముందే చూసుకోవాలి.

చూడడంలో తప్పేమైనా ఉందా అన్న సందేహం మీవారికి ఉంటే, లైంగిక నేరాలకు శిక్ష పడినవాళ్ల పేర్లు, అడ్రస్‌లు ఉండే ఈ ప్రభుత్వ జాబితా (రిజిస్ట్రీ) జనం చేతికి ఎలా వచ్చిందో చెప్పండి. 1994 జులైలో న్యూజెర్సీలోని హామిల్టన్ టౌన్‌షిప్‌లో మేగన్ కాంకా అనే ఏడేళ్ల పాపను ఎదురింట్లో ఉండే మనిషి చంపేశాడు. అతనికి అంతకుముందే పిల్లల మీద చేసిన నేరాలకు శిక్షలు పడ్డాయి. ఆ వీధిలోని తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే మా బిడ్డ ఉండేది అని ఆ తల్లీ తండ్రీ గొంతెత్తారు. ఆ ఏడాదే న్యూజెర్సీలో, 1996లో దేశం మొత్తానికి, 'మేగన్స్ లా' వచ్చింది. పొరుగున ఎవరున్నారో తెలుసుకునే హక్కు అలా, ఒక పసిబిడ్డ ప్రాణం పోయాక దక్కింది. కాబట్టి ఆ పేజీ తెరవడానికి సంకోచించకండి.

ఇక వెతకడం. డబ్బు అడిగిన సైట్‌ను మర్చిపోండి. ఈ సమాచారం ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ప్రైవేటు సైట్లలో పాత వివరాలు ఉండిపోతాయి, ఇల్లు మారినవాళ్లు కూడా ఇంకా పాత అడ్రస్‌లోనే కనిపిస్తారు. మ్యాప్ నిండా ఎర్ర చుక్కలు చూపించడం వాళ్ల వ్యాపారం. మీరు చూడాల్సినవి రెండే. ఒకటి టెక్సస్ డీపీఎస్, అంటే రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్ నడిపే సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ. రెండోది అమెరికా న్యాయశాఖ నడిపే జాతీయ సైట్, ఎన్‌ఎస్‌ఓపీడబ్ల్యూ డాట్ గవ్. అడ్రస్ చివర 'డాట్ గవ్' ఉందో లేదో చూసుకుని లోపలికి వెళ్లండి.

మొదట డీపీఎస్ సైట్ తెరవండి. అక్కడ పేరుతో, జిప్ కోడ్‌తో, మ్యాప్ మీద అడ్రస్‌తో వెతకొచ్చు. మీ కొత్త ఇంటి అడ్రస్ ఇచ్చి చూడండి. తర్వాత జాతీయ సైట్‌కి వెళ్లండి. నిబంధనలకు ఒప్పుకున్నామని నొక్కితే రెండు దారులు కనిపిస్తాయి: పేరుతో వెతకడం, ప్రాంతంతో వెతకడం. ప్రాంతం ఎంచుకుని అడ్రస్ కొట్టి, చుట్టూ ఎన్ని మైళ్లో చెప్పాలి. గరిష్ఠంగా మూడు మైళ్ల దాకా చూపిస్తుంది. మీ ఇంటి అడ్రస్ ఒక్కటే సరిపోదు. పాప వెళ్లబోయే స్కూల్, స్కూల్ బస్ స్టాప్, అత్తయ్యగారు నడిచి వెళ్లగలిగే పార్కు, డేకేర్ అడ్రస్‌లు కూడా ఇచ్చి చూడండి. పిల్లలు పగలు గడిపేది ఆ చోట్లలోనే కదా.

జాతీయ సైట్‌కి సొంత జాబితా లేదు. మీరు అడిగిన క్షణంలో రాష్ట్రాల జాబితాలన్నిటినీ అడిగి, వచ్చిన జవాబులను ఒకచోట చూపిస్తుంది. పేరు మీద నొక్కితే ఆ రాష్ట్రపు పేజీకే తీసుకెళ్తుంది. ప్రాంతంతో వెతికితే కొన్ని రాష్ట్రాల పేర్లు అందులో రావు. అందుకే రాష్ట్ర సైట్ ముందు చూడమన్నాను. మరి జాతీయ సైట్ ఎందుకంటే, పేరుతో వెతకడానికి. పియానో నేర్పే ఆయన, స్విమ్మింగ్ కోచ్, ఇంటికొచ్చే ట్యూటర్ నిరుడు వేరే రాష్ట్రంలో ఉండి ఉండొచ్చు. ఒక్క వెతుకులాటలో యాభై రాష్ట్రాలూ వస్తాయి. స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా మార్చి చూడండి, ముద్దుపేరు కాకుండా అసలు పేరు కొట్టండి. పేరు కలిసినంత మాత్రాన ఆ మనిషే అనుకోవద్దు. ఫొటో, పుట్టిన తేదీ, ఊరు అన్నీ కలవాలి. అప్పటికీ కచ్చితమైన గుర్తింపు వేలిముద్రలతోనే అని డీపీఎస్ సైటే చెబుతుంది.

ఒక పేరు కనిపించిందనుకోండి. ఫొటో చూసి గుండె గుభేలుమంటుంది. అక్కడ ఆగిపోకుండా పేజీ చివరిదాకా చదవండి, అసలు సంగతి కింద ఉంటుంది. టెక్సస్ పేజీలో నేరం పేరు, బాధితుల వయసు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది, కేసు ఎప్పుడు తేలింది, ఎప్పటి వరకు రిజిస్టర్ చేసుకుంటూ ఉండాలి, ఎంత తరచుగా పోలీసుల దగ్గరికి వెళ్లాలి, రిస్క్ లెవెల్ ఎంత అన్నవి ఉంటాయి. నేరం ఇరవై ఏళ్ల కిందటిదా, నాలుగేళ్ల కిందటిదా? బాధితురాలు పెద్దదా, ఆరేళ్ల పాపా? ఒకసారా, మళ్లీ మళ్లీనా? ఇవే మీరు చూడాల్సినవి. రిస్క్ లెవెల్ గురించి చాలామంది పొరబడతారు. లో, మోడరేట్, హై అన్నవి ఆ మనిషి మళ్లీ నేరం చేసే అవకాశం గురించిన అంచనా. జరిగిన నేరం ఎంత ఘోరమైనదో ఆ మాట చెప్పదు. 'లో' అని ఉన్నచోట కూడా నేరం చాలా పెద్దదే అయి ఉండొచ్చు. హై రిస్క్ మనిషి పేటలోకి దిగితే టెక్సస్‌లో డీపీఎస్ చుట్టూ మూడు బ్లాకుల ఇళ్లకు పోస్టులో నోటీసు పంపుతుంది. మిగతావాళ్ల గురించి ఎవరూ చెప్పరు, మీరు వెతికితేనే తెలుస్తుంది.

జాబితాలో లేనివాళ్లు కూడా ఉంటారు. టెక్సస్‌లో కొన్ని నేరాలకు జీవితాంతం, కొన్నింటికి పదేళ్లు రిజిస్టర్ కావాలి. పదేళ్ల గడువు ముగిసినవాళ్ల పేరు కనిపించదు. కొత్త ఊరికి వచ్చినవాళ్లకు పోలీసులకు చెప్పడానికి ఏడు రోజుల గడువుంది, ఆ కాస్త ఆలస్యం జాబితాలోనూ ఉంటుంది. చిన్నవయసులో నేరం చేసినవాళ్ల వివరాలు బయట పెట్టొద్దని కోర్టు ఆదేశించవచ్చు. వీళ్లందరికంటే ముఖ్యమైనవాళ్లు ఇంకొకరున్నారు. నేరం చేసినా, ఇంతవరకు తమ మీద ఎవరూ పోలీసులకు ఫిర్యాదు చేయనివాళ్లు.

ఇంటి సంగతి చెబుతాను. అద్దం మీద మచ్చలా ఒక్క పేరు ఉందని మంచి ఇల్లు వదులుకోవద్దు. ఇళ్లు ఎక్కువగా ఉన్న ఏ ఊళ్లో అయినా చుట్టూ మూడు మైళ్లలో ఒకటో రెండో పేర్లు వస్తాయి. ఆ విషయంలో మీవారి మాట నిజమే. కానీ చూడకుండా ఉండడానికి అది కారణం కాదు. నేనైతే ఇలా ఆలోచిస్తాను. పేరు మైలు అవతల ఉంటే, నేరం పాతదైతే, ఇల్లు తీసుకుంటాను. పిల్లలు నడిచే దారిలో, నాలుగైదు ఇళ్ల దూరంలో, చిన్నపిల్లల మీద, అదీ ముక్కూమొహం తెలియని పిల్లల మీద నేరం చేసినవాడు ఉంటే, ఇల్లు ఎంత నచ్చినా ఆప్షన్ ఫీజు వదులుకుని బయటికొస్తాను. ఆ కొద్దిపాటి డబ్బు కంటే ముప్పై ఏళ్ల మనశ్శాంతి ఎక్కువ. ఈ రెండింటికీ మధ్య ఉన్న కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆ పేజీ పక్కపక్కనే కూర్చుని చదివి తేల్చుకోండి. ఒకరు చూసి ఇంకొకరికి చెబితే భయం పెరుగుతుంది, లేదా తేలికైపోతుంది. అంకెలు కావాలంటే ఒకటి చెబుతాను. 2005లో జైళ్ల నుంచి బయటికొచ్చిన లైంగిక నేరస్థులను అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం తొమ్మిదేళ్లు గమనించింది. మళ్లీ అలాంటి నేరంలోనే అరెస్టయినవాళ్లు 7.7 శాతం. అందరూ మళ్లీ చేస్తారన్నది నిజం కాదని ఈ అంకె చెబుతుంది. అయితే ఇది పోలీసుల దాకా వచ్చిన కేసుల లెక్క మాత్రమే, రానివి ఇందులో లేవు.

పేరు కనిపిస్తే ఆ ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఈ సమాచారంతో ఎవరినైనా బెదిరించినా, వేధించినా కేసులవుతాయని ఆ సైట్ నిబంధనల్లోనే ఉంది. అదే పేరున్న వేరే మనిషిని గ్రూపులో నిలబెడితే ఆ పాపం మనదే. ఇంకా పెద్ద కారణం ఒకటుంది. ఇలాంటి నేరాలు చాలావరకు తెలిసినవాళ్ల మధ్యే, ఎన్నోసార్లు సొంత బంధువుల మధ్యే జరుగుతాయి. ఆ మనిషి పేరు ఊరంతా చాటితే, "బాధితురాలి వయసు తొమ్మిది" అన్న వాక్యం చదివిన వాళ్లంతా అది ఆయన కూతురా, మేనకోడలా అని లెక్కలు వేస్తారు. ఆ పిల్ల అదే స్కూల్లో చదువుతూ ఉండొచ్చు. ఎవరికైనా చెప్పాల్సి వస్తే, ఆ పక్కనే పిల్లలున్న తల్లితో నేరుగా, "రిజిస్ట్రీ ఒకసారి చూసుకోండి" అనండి, చాలు. జాబితాలో ఉన్న అడ్రస్‌లో ఆ మనిషి ఉండట్లేదని మీకు తెలిస్తే స్థానిక పోలీసులకు ఫోన్ చేయండి. చాలా కౌంటీల షరీఫ్ ఆఫీసుల సైట్లలో మీ అడ్రస్, ఈమెయిల్ ఇస్తే కొత్తగా ఎవరైనా దగ్గరికి వచ్చినప్పుడు మెయిల్ వస్తుంది. మీ కౌంటీలో ఉందేమో చూసి పెట్టుకోండి, రోజూ సైట్ తెరిచి చూసే బాధ తప్పుతుంది.

అత్తయ్యగారికి తప్పకుండా చెప్పండి. భయపెట్టేలా కాకుండా, "ఈ ఇంటివైపు పిల్లలు ఒంటరిగా వెళ్లకూడదు అత్తయ్యా, ఈయన పలకరిస్తే నవ్వి వచ్చేయండి" అని. ఆవిడకి ఇక్కడి ఫోన్‌లో అత్యవసర నంబర్ 911 ఎలా నొక్కాలో, ఇంటి అడ్రస్ ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో నేర్పండి. కాగితం మీద రాసి పర్సులో పెట్టినా సరే. పాపకు మాత్రం ఆ మనిషి పేరు, ఫొటో చూపించొద్దు. "ఆ అంకుల్ చెడ్డవాడు" అంటే మిగతా అంకుల్స్ అందరూ మంచివాళ్లని పిల్ల అనుకుంటుంది. అమ్మానాన్నలకు చెప్పకుండా ఎవరింట్లోకీ, ఎవరి కారులోకీ వెళ్లకూడదన్న నియమం ఒక్కటి పెట్టండి. అది తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ ఒకటే నియమం.

మీ ఉత్తరం చదివాక నాకు ఎక్కువ ఆలోచన వచ్చింది ఈ తెలిసినవాళ్ల గురించే. 18 ఏళ్ల లోపు పిల్లల మీద జరిగి పోలీసుల దాకా వచ్చిన లైంగిక దాడులపై అదే గణాంక విభాగం 2000లో ఒక నివేదిక ఇచ్చింది. అందులో 34 శాతం కుటుంబ సభ్యులు, 59 శాతం పరిచయస్థులు, ముక్కూమొహం తెలియనివాళ్లు 7 శాతం. పిల్లల మీద ఇలాంటి నేరాలు చేసి పోలీసుల దృష్టికి వచ్చినవాళ్లలో మూడో వంతుకు పైగా తామే మైనర్లని 2009లో వచ్చిన మరో ప్రభుత్వ ప్రచురణ చెప్పింది. ఎర్ర చుక్కల మ్యాప్‌లో వీళ్లలో చాలామంది కనిపించరు.

మన వారాంతాలు గుర్తు చేసుకోండి. ఎవరింట్లోనో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. పెద్దవాళ్లం కింద కబుర్లలో ఉంటాం, నాలుగేళ్ల వాళ్ల నుంచి పదహారేళ్ల వాళ్ల దాకా పిల్లలందరూ పైన గేమ్ రూమ్‌లో తలుపేసుకుని ఉంటారు. "పిల్లలు ఆడుకుంటున్నార్లే" అని మూడు గంటలు ఎవరూ పైకి వెళ్లం. ఆ తలుపు తెరిచి ఉంచమని చెప్పండి, అరగంటకోసారి ఎవరో ఒకరు పళ్లముక్కలో, నీళ్లో పట్టుకుని పైకి వెళ్లి రండి. ఎవరూ తప్పుగా అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

ఇంకొకటి, "అంకుల్‌కి హగ్ ఇవ్వు, లేకపోతే ఫీలవుతారు" అని పిల్లల్ని ముందుకు తోయడం మానేద్దాం. ఇష్టం లేకపోతే నమస్తే పెడితే చాలని మీరే పిల్ల పక్షాన నిలబడండి. అత్తయ్యగారి ముందు కూడా. వద్దు అనే హక్కు ఇంట్లో లేని పిల్లకు బయట ఆ మాట నోటికి రాదు. శరీర భాగాలకు మనం ముద్దుగా వాడే మాటలు పిల్లలు స్కూల్లో టీచర్‌కో, డాక్టర్‌కో చెబితే అర్థం కావు. అసలు పేర్లు ఇంగ్లిష్‌లోనే నేర్పండి, సిగ్గుపడకుండా, మోచెయ్యి మోకాలు అన్నట్టే. ఎవరైనా "ఇది అమ్మకి చెప్పొద్దు" అంటే అదే మొదట అమ్మకి చెప్పాల్సిన మాట అని పాపకి నేర్పండి. పుట్టినరోజు సర్‌ప్రైజ్ దాచొచ్చు, ఎందుకంటే అది రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది. ఒంటిని తాకడం గురించి దాచేది ఏదీ ఉండదు. బాబుకి కూడా ఇవన్నీ చెప్పాలి. మగపిల్లలకు ఏం కాదులే అన్న ధీమా వల్ల ఎందరో మగపిల్లలు నోరు విప్పలేకపోయారు.

ఎప్పుడైనా మీ పాపో, వేరే పిల్లో ఇలాంటిది ఏదైనా చెబితే, ముందు నమ్మండి. "నిజమా? కల వచ్చిందేమో" అనకండి. వంద ప్రశ్నలు వేయకండి, ఆ పని శిక్షణ ఉన్నవాళ్లు చేస్తారు. "చెప్పినందుకు మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అని, ఫోన్ చేయండి. ప్రమాదం అప్పుడే ఉంటే 911, లేకపోతే టెక్సస్ అబ్యూస్ హాట్‌లైన్ 1-800-252-5400. రాత్రీ పగలూ పనిచేస్తుంది. టెక్సస్‌లో ఇది టీచర్లకూ డాక్టర్లకూ మాత్రమే ఉన్న బాధ్యత కాదు, పిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని అనుమానించే కారణం ఉన్న ప్రతి ఒక్కరూ చట్టప్రకారం చెప్పాలి. సదుద్దేశంతో చెప్పినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది, పేరు గోప్యంగా ఉంచుతారు. హెచ్-1బీ మీద ఉన్నాం, మనకెందుకని ఆగిపోయేవాళ్లున్నారు. ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు. పరువు మాటంటారా, పిల్ల తరఫున నిలబడ్డ ఇంటి పరువు ఎక్కడికీ పోదు.

ఇక విజయవాడ. మన దేశంలో 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ మొదలైంది. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో దాన్ని నడుపుతుంది. అది పోలీసుల దర్యాప్తు కోసమే, జనం తెరిచి వెతకడానికి వీల్లేదు. అలా చూపిస్తామని చెప్పే సైట్లేవైనా కనిపిస్తే నమ్మకండి. బదులుగా 2012 నాటి పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. బిడ్డ పేరు, వివరాలు బయట పెట్టకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. పాపకు ఆ నంబర్ కంఠస్థం చేయించండి. అమ్మమ్మగారింట్లో ఎవరెవరు ఉంటారో, పిల్లలు రాత్రి ఎవరి పక్కన పడుకుంటారో టికెట్లు తీసేటప్పుడే అడిగి తేల్చుకోండి. రోజూ వీడియో కాల్‌లో పాపతో మాట్లాడేటప్పుడు ఐదు నిమిషాలైనా ఫోన్ తనొక్కదాని చేతిలో ఉండేలా, చుట్టూ ఎవరూ లేకుండా చూడమని మీ అమ్మగారికి చెప్పండి.